శంఖం ఊదే రోజు

సువా,
1998 మార్చి 9.

మామా,

క్షేమంగా చేరాను. ఓడ రెండు రోజులు ఆలస్యం. నువ్వు ఆకుల్లో చుట్టి ఇచ్చిన కాల్చిన చేపలో సగం పక్కన కూర్చున్న పాస్టరుగారు ప్రార్థన చేసి మరీ తిన్నారు.

మూడు సాయంత్రాలు మీ చేత ఆడించిన చిక్కుడుగింజల ఆట లెక్కలు ఇక్కడికొచ్చాక వేశాను. "సువాలో ఇంత చదువు చదివి గింజలాట నేర్చుకొచ్చిందిరా మా పిల్ల" అని అందరి ముందూ నవ్వించావు కదా, ఇప్పుడు విను. గిన్నె అంటే మన పగడపు దిబ్బ. గింజలంటే దాని మీద పాకే సముద్ర దోసకాయలు. గిన్నెకు అటు మన నాకోరోసౌ, ఇటు వునిసేయి. ఒక్కో విడతకు ఇద్దరూ పిడికిలి మూసి గింజలు తీస్తారు. మిగిలినవాటికి నేను కొన్ని కలుపుతాను, సముద్రం కలిపినట్టే. ఇద్దరూ కొంచెమే తీస్తే గిన్నె ఎప్పటికీ ఖాళీ కాదు. కానీ ఎదుటివాడు గుప్పెడు తీస్తాడేమోనని భయపడ్డవాడు తానే ముందు గుప్పెడు తీస్తాడు. దురాశ కాదు మామా, భయం. మా ఆటల శాస్త్రమంతా ఆ భయం గురించే.

మొత్తం మీద ఫలితాలు బాగున్నాయి. మీ రెండు ఊళ్ళవాళ్ళూ మా పుస్తకాల్లోవాళ్ళ కన్నా మంచివాళ్ళు.

వునిసేయివాళ్ళ భయమేమిటో కూడా తెలిసింది. జనవరిలో మన పెద్ద, రాతు, పోయినప్పుడు దిబ్బ మీద ఎవరూ దిగకుండా కర్ర పాతింది నువ్వు. నూరు రాత్రులు దాటాక ఏదో ఒక ఉదయం కర్ర పీకి శంఖం ఊదేదీ నువ్వే. ఏ ఉదయమో నీకు తప్ప ఎవరికీ తెలియదు. "శంఖం మీ మామ చేతిలో, చెవులు మావి" అన్నాడు వాళ్ళ పెద్ద ఎమోసి నాతో. నువ్వు మనవాళ్ళకు ముందురోజే చెప్పేస్తావని వాళ్ళ అనుమానం. అది పోవాలంటే ఆ రోజు ముందుగా రెండు ఊళ్ళకూ తెలియాలి, కాగితం మీద. అలాగైతే నా పరిశోధన నడిపిస్తున్న కమిటీ దిబ్బకు కాపలా పడవ కూడా ఇస్తుంది.

నువ్వు వద్దంటావని తెలుసు. అందుకే మేనకోడలిగా అడుగుతున్నాను. మేనకోడలు నోరు తెరిచి అడిగితే మేనమామకు కాదనే నోరు లేదు కదా మన ఆచారంలో. ఆ రోజేదో చెప్పు.

సాకియుసా బావనూ, నీ కోడలు లోసెనానూ అడిగానని చెప్పు.

నీ ఉనైసి


నాకోరోసౌ,
మార్చి 30.

అమ్మాయీ ఉనైసీ,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత ఒక గిన్నె యంగోనా కషాయం తాగాను, ఆ తర్వాత ఇంకో గిన్నె. మూడో గిన్నె దగ్గర మా తాత మేనల్లుడు గుర్తొచ్చాడు. ఆయన ఒకసారి ఒడ్డున నిలబడి, నీళ్ళలో చేపలు పడుతున్న మా తాతను "మామా, నీ పడవ నాకు కావాలి" అని కేకేశాడట. మా తాత "తీసుకో నాయనా" అని అక్కడికక్కడే పడవలోంచి దూకి ఈదుకుంటూ ఒడ్డుకొచ్చాడట. పడవ అలల మీద ఎటో పోయింది. మేనల్లుడికీ దక్కలేదు, మామకూ దక్కలేదు. పరువు మాత్రం ఇద్దరికీ దక్కింది. ఈ కథకు మన ఇంట్లో అందరం నవ్వుతాం. నవ్వవలసిన కథేనా అని ఈమధ్య నాకో సందేహం.

సరే, అడిగావు, ఇస్తాను. ఇచ్చే ముందు ఒక మాట. నలభై ఏళ్ళలో ఏడుసార్లు కర్ర పీకాను. ఆ రోజును నేను కడుపులో దాచుకుంటానని రెండు ఊళ్ళూ అనుకుంటాయి. మీ అత్త, పాపం, పోయేదాకా నా మీద ఆ కోపం ఉంచుకుంది. నీకొక్కదానికే చెబుతున్నాను: దాయడానికి నా దగ్గర ఏమీ లేదు. నాకూ తెలియదు. నూరు రాత్రులు దాటాక రోజూ తెల్లారగానే లేచి ఒడ్డున నిలబడతాను. ఒక రోజు శంఖం చేతికి తేలిగ్గా తగులుతుంది. ఊదుతాను. అంతే. మా నాన్న నేర్పింది అదొక్కటే. "రోజు ముందు తెలిసిందంటే, దాని ముందురోజు కూడా తెలిసిపోయినట్టేరా నెమానీ" అనేవాడు. అక్షరం ముక్క రానివాడు. నీ లెక్కల్లో ఆయన మాటకు ఎక్కడైనా చోటుందేమో చూడు.

ఇంకొకటి. నీ గింజలాటకు విడతలు పది అని ముందే చెప్పావు. మొదటి సాయంత్రం పదో విడతలో చేతులు చూశావా? నేను చూశాను. అంతదాకా కొత్తకోడలు అన్నం తిన్నట్టు ఒక్కో గింజ తీసిన ఎమోసి, ఆఖరి విడతలో చెయ్యి మణికట్టు దాకా ముంచాడు. నేనూ ముంచాను, దాచడం దేనికి. రెండు చేతులూ గిన్నెలో ఇరుక్కున్నాయి. "చెయ్యి తియ్యవోయ్ బావా" అంటాడు వాడు. "ముందు నువ్వు తియ్యరా, దొంగబావా" అంటాను నేను. అందరూ పడీ పడీ నవ్వారు. నువ్వు మాత్రం నవ్వకుండా రాసుకున్నావు. ఏం రాసుకున్నావు?

రోజు కావాలన్నావు. లేని రోజును ఎక్కడినుంచి తేను? చర్చి గోడమీది క్యాలెండరు ముందు నిలబడ్డాను. ఆదివారాలు వదిలేశాను, దేవుడు కూడా వాటాకు వస్తాడని. ఆగస్టు 29, శనివారం, దగ్గర వేలు ఆగింది. నిన్న రెండు ఊళ్ళనూ కూర్చోబెట్టి చెప్పేశాను.

"ఇంతేనా?" అన్నాడు ఎమోసి. ఎప్పటినుంచో అడుగుతున్నవాడే, తీరా చేతిలో పెట్టేసరికి బిత్తరపోయాడు. "నలభై ఏళ్ళు బతిమాలితే విప్పనివాడివి, ముసలాడివయ్యాక నోరు వదులైందా బావా?"

"నోరు కాదు, మేనకోడలు" అన్నాను.

"అయితే నీ తప్పేం లేదులే" అన్నాడు. వాడికీ ఉన్నారు ముగ్గురు.

సాకియుసాకు మాత్రం నచ్చలేదు. నా తర్వాత శంఖం వాడిది కదా. ఇంటికొచ్చాక "నాన్నా, ఇంక నేను నీ దగ్గర నేర్చుకునేదేముంది?" అన్నాడు. క్యాలెండరు చూడడం తనకూ వచ్చునట.

నీ మామ
నెమానీ


సువా,
ఏప్రిల్ 20.

మామా,

ఆగస్టు 29 అని నా గది గోడమీద ఎర్రసిరాతో రాసి పెట్టాను. కమిటీ ఒప్పుకుంది. పడవ పంపుతారు.

నీ రహస్యం ఎవరికీ చెప్పలేదు. ఏడుసార్లు రెండు ఊళ్ళనూ ఉత్త పిడికిలితో ఆడించావంటే నువ్వు మా ప్రొఫెసరు కన్నా గొప్పవాడివి. కానీ ఇక ఆ అవసరం లేదు మామా. ఇద్దరికీ ఒకే రోజు తెలుసు. ఒకరి చెవి మీద ఒకరికి అనుమానం ఉండదు. ఆఖరి విడతలో చేతులంటావా, గింజలే కదా అని ముంచారు. నిజం సముద్రమైతే ముంచరు.

సాకియుసా బావ మాటకు నొచ్చుకోకు. నాకు ఈత నేర్పినవాడు. నేర్పాడనడం కన్నా తోసేశాడనడం సరి. నేను మునిగేలోగా తనే దూకి పైకి లాగాడు. కోపం వచ్చినా ఎక్కువసేపు ఉంచుకోడు.

నీ ఉనైసి


నాకోరోసౌ,
జూలై 5.

అమ్మాయీ,

మీ కమిటీ పడవ వచ్చింది. ఇంజను రాలేదు. వచ్చే ఓడలో వస్తుందన్నారు. ప్రస్తుతానికి అందులో కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి. కాపలా కాసేది అవే.

వునిసేయిలో సముద్ర దోసకాయలు కొనే పట్నం వ్యాపారి ఒకడు దిగాడు. ఎనిమిది గాలి సిలిండర్లు దించాడు. ఇంతకాలం మన పిల్లలు ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళు. ఊపిరి ఎంతో లోతూ అంతే. సిలిండరుకు ఆ మర్యాద లేదు.

నిన్న ఎమోసి కర్ర దగ్గర కలిశాడు. నేను నా పడవలో, వాడు వాడి పడవలో.

"ఏం బావా, ఆ ఇనుప సొరకాయలు దేనికి?" అన్నాను.

"29న దిగడానికి. నీ కోడలుపిల్ల పెట్టించిన ముహూర్తానికి."

"ఈలోపల?"

"ఈలోపల వాటిమీద బట్టలు ఆరేసుకుంటాం. నీకేం భయం?"

నాకేం భయమో రాస్తాను, విను. 29న అందరూ దిగుతారు. కాబట్టి 28నే దిగితే మేలని ఏ బుద్ధిమంతుడికైనా తోస్తుంది. ఎమోసి బుద్ధిమంతుడే. వాడు 28 అనుకుంటాడని నాకు తెలుసు గనుక మనం 27. మనం 27 అనుకుంటామని వాడికి తెలియదా? 26. మా రెండు ఊళ్ళకూ చర్చి ఒకటే కదా, పాస్టరు ప్రసంగం చెబుతుంటే నేను గోడ వైపు చూస్తూ ఇలా వెనక్కి నడుస్తున్నాను. పొద్దున జూలై ఆఖరుదాకా వచ్చాను. పక్కకు చూస్తే అవతలి బల్లమీద ఎమోసి కళ్ళు కూడా క్యాలెండరు మీదే ఉన్నాయి. నీ శాస్త్రంలో ఈ నడకకు పేరేమైనా ఉందా?

ఇంకా ఎవరూ దిగలేదు. ఇంకా సమయం ఉంది. ఇచ్చినదాన్ని మామ వెనక్కి తీసుకోకూడదు. అడిగినదాన్ని నువ్వే వదులుకోవాలి. "రోజు వద్దు మామా" అని ఒక్క ముక్క రాయి చాలు. రోజు పోయింది, శంఖం మళ్ళీ మొదటిలాగే అని రెండు ఊళ్ళకూ చాటేస్తాను.

సాకియుసా బాగున్నాడు. వ్యాపారి వాడి దగ్గర కూడా రెండు సిలిండర్లు పెట్టి పోయాడు. "ఊరికే ఉంచుకో" అన్నాడట. ఊరికే ఇచ్చేవాణ్ణి చూస్తే నాకు గుండె దడ.

త్వరగా రాయి.

నీ మామ
నెమానీ


సువా,
జూలై 24.

మామా,

రోజు మార్చడం కుదరదు. కాగితాలు అచ్చయిపోయాయి. మీ తీరంలో ఇంకో ఆరు ఊళ్ళకు ఇదే పద్ధతి పెడుతున్నారు. 29న ఒక పెద్ద అధికారి వస్తున్నారు, నేనూ వస్తున్నాను. ఇప్పుడు మారిస్తే వునిసేయివాళ్ళ అనుమానమే నిజమవుతుంది.

నీ వెనకనడకకు మా దగ్గర పేరుంది. అది కాగితం మీది నడక. నిజం మనుషులు అంతదూరం నడవరు. నువ్వు యంగోనా తగ్గించు.

మాట ఇచ్చావు. నిలబెట్టుకో.

ఉనైసి


నాకోరోసౌ,
ఆగస్టు 16.

ఉనైసీ,

సాకియుసా పోయాడు. సోమవారం. ఇరవై రెండు బారల లోతునుంచి తొందరగా పైకొచ్చాడు, అలా వస్తే సిలిండరు గాలి నెత్తురులో బుడగలు కడుతుందట. పడవలో కూర్చుని టీ అడిగాడట. టీ పోసేలోగా, కాళ్ళు మొద్దుబారాయన్నాడు. లంబాసా ఆసుపత్రికి పడవలో తీసుకుపోతుండగా, నది సముద్రంలో కలిసే చోటు కనబడుతుండగా పోయాడు. బుధవారం మట్టి చేశాం.

దిబ్బ మీద ఇంకేమీ లేదు. వునిసేయివాళ్ళు ముందు దిగారు. తర్వాత మనవాళ్ళు. పదమూడు రోజుల్లో అయిపోయింది.

ఆ అధికారిని రావద్దని చెప్పు. నువ్వు కూడా రావద్దు.

నెమానీ


సువా,
సెప్టెంబరు 2.

మామా,

రావద్దన్నావు గనుక రాలేదు. అమ్మ చాప మీదినుంచి లేవడం లేదు. నాతో మాట్లాడడం లేదు. 

నేనేం రాసుకున్నానని మార్చిలో అడిగావు. ఇప్పుడు చెబుతాను. మొదటి సాయంత్రం మీరు పదో విడతలో చేతులు ముంచారు. రెండో సాయంత్రం తొమ్మిదో విడతలోనే. మూడో సాయంత్రం ఏడో విడతలో. అదే రాసుకున్నాను. ఆట చేతికి వచ్చినకొద్దీ మీరు వెనక్కి నడిచారు. నాలుగో సాయంత్రం ఆడించడానికి నాకు ధైర్యం చాలలేదు. గింజలు మూటకట్టుకుని ఓడెక్కాను. "మొత్తం మీద ఫలితాలు బాగున్నాయి" అని నీకు రాశాను, కమిటీకీ అదే రాశాను. రోజు లేనిదే పడవ లేదన్నారు, రోజు లేనిదే నా పరిశోధన పూర్తికాదు.

తాతయ్య మాటను నీ ఉత్తరంలోంచి నా నోటుబుక్కులోకి ఎక్కించి కింద గీత గీశాను. అక్షరం రాని మనిషి ఒక్క ముక్కలో చెప్పింది మాకు ఏడాది పాఠం. గీత గీసి, పేజీ తిప్పేశాను.

ఈత రాని నన్ను నీళ్ళలోకి తోసి, వెనకే దూకినవాడు. అతణ్ణి నేను తోశాను. దూకలేదు.

ఒకటి అడుగుతాను. మేనకోడలి హక్కుతో కాదు, ఆ హక్కు నాకిక వద్దు. నీ ఉత్తరంలో "వునిసేయివాళ్ళు ముందు దిగారు" అన్న చోట చెరిపి మళ్ళీ రాసినట్టుంది. అక్కడ మొదట ఏం రాశావు?

ఉనైసి


నాకోరోసౌ,
సెప్టెంబరు 30.

అమ్మాయీ,

నీవి మీ అమ్మ కళ్ళు. అవును, చెరిపి రాశాను. మొదట రాసిందే నిజం.

నీ జూలై ఉత్తరం తెచ్చిన ఓడ 28న, మంగళవారం పొద్దున, వచ్చింది. ఒడ్డునే నిలబడి చదివాను. నా వెనకనడక కూడా అప్పటికి సరిగ్గా ఆ రోజుకే వచ్చి ఆగింది. ఇంకొక్క రోజు ఊరుకుంటే వాళ్ళు నాకన్నా ముందుంటారనిపించింది. సాకియుసా ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నాడు.

"సిలిండర్లు పడవలో పెట్టు" అన్నాను.

"దేనికి నాన్నా?"

"దిగడానికి."

వాడు దిబ్బ వైపు చూశాడు. "కర్ర ఇంకా అక్కడే ఉంది నాన్నా."

"పాతింది నేను. నాకు చెబుతావా?"

"పోనీ పీకి, శంఖం ఊదు. అప్పుడు దిగుదాం. వాళ్ళకూ వినబడుతుంది."

"క్యాలెండరు చూసుకునేవాడికి శంఖమెందుకురా?" అన్నాను. వాడు నన్నన్న మాటే వాడికి తిప్పికొట్టాను. మాటలు నేర్చినవాణ్ణి కదా.

లేచి సిలిండర్లు పడవలోకి మోశాడు. నలభై ఏళ్ళలో వాడి చెవిలో రోజు సంగతి ఒక్క పూట ముందు వెయ్యనివాణ్ణి. ఆ పొద్దున వేశాను.

మధ్యాహ్నానికి మన పడవ చూసి వునిసేయి పడవలు బయల్దేరాయి. లోతులేని చోట్లు అయిదు రోజుల్లో ఖాళీ. తర్వాత వీడు పది బారలు దిగితే వాడు పన్నెండు. వాడు పన్నెండైతే వీడు పదిహేను. ఎవరూ ఆపమనలేదు. నేనూ అనలేదు. కోళ్ళు మాత్రం పడవలో కాపలా కాశాయి.

పాతిపెట్టిన రోజున ఎమోసి ఆచారం ప్రకారం సంతాపానికి తిమింగలపు పన్ను తెచ్చి నా ముందు పెట్టాడు. "బావా, ఇది సమయం కాదు. చెప్పకపోతే నా గొంతులో ఉండిపోతుంది. 29 దాకా దిబ్బ మీద కాలు పెట్టబోమని మావాళ్ళందరి చేతా బైబిలు ముట్టించాను. నీ పడవ కనబడేదాకా ఒక్కడు కదల్లేదు" అన్నాడు. నిజంగా చివరిదాకా ఆగేవాళ్ళా? నాకు తెలియదు. వాడికీ తెలియదు. ఇంక ఎవరికీ ఎప్పటికీ తెలియదు. అయినా నాలుగు రోజులకు నీకు వాళ్ళ పేరే రాశాను. వాడు తెచ్చిన పన్ను ఇంట్లో ఉండగానే రాశాను.

మన ఉత్తరాలన్నీ ముందేసుకుని మళ్ళీ చదివాను. నోటుబుక్కు నువ్వు దాచావు, ఆ మంగళవారాన్ని నేను దాచాను. రెండూ మూసిన పిడికిళ్ళే. మా తాత మేనల్లుడు అడిగితే పడవలోంచి తానొక్కడే దూకాడు. నేను కొడుకును అందులో కూర్చోబెట్టి మరీ వదిలాను.

సాకియుసా పేరున దిబ్బ మీద కొత్త కర్ర పాతాం. ఒక కొస ఎమోసి పట్టుకున్నాడు. "ఎన్నాళ్ళు బావా?" అని నోరు జారి, వెంటనే అరచేత్తో మూసుకున్నాడు. నేను చెప్పలేదు. చెప్పడానికి, ఎప్పటిలాగే, నా దగ్గర ఏమీ లేదు. నిండడానికి పదేళ్ళో, ఇరవయ్యో. అసలు నిండుతుందో లేదో. నాకు డెబ్బై నాలుగు. ఈ కర్ర పీకేది నేను కాదు. పీకవలసినవాడి కోసమే ఈ కర్ర పాతాను.

శంఖం గూట్లో ఉంది. లోసెనా దానిమీద గుడ్డ కప్పింది. ఆడపిల్ల ఊదితే చేపలు నవ్వుతాయంటారు మనవాళ్ళు. నవ్వడానికి ముందు చేపలుండాలి. రోజూ తెల్లారగానే ఒడ్డుకు పోయి, ఈరోజు కాదు అనుకుని వెనక్కి వచ్చేవాళ్ళు ఒకరు కావాలి. పని అంతే. ఏళ్ళ తరబడి అంతే.

హక్కు వద్దన్నావు. అది వదులుకుంటే పోయేది కాదు. మామ మేనకోడలిని ఏదీ అడగకూడదు. అడిగేదానివి నువ్వు. అందుకని నేను అడగడం లేదు. గూట్లో ఉందని మాత్రం రాస్తున్నాను.

ఓడ మంగళవారాలు వస్తుంది. ఒకవేళ ఎక్కితే, ఏ మంగళవారమో ముందుగా రాయకు.

నీ మామ
నెమానీ